పుదియపుర లోగదిలో కల్లుచెంబు

రాత్రి తొమ్మిది దాటాక పుదియపుర ఇంటి ముందునుంచి ఎవడూ నడవడు. వళ్ళిక్కడవు రేవుకి అదే దగ్గరదారి. అయినా సరే, చుట్టూ తిరిగి పొలంగట్ల మీద జారిపడుతూ పోతారే గానీ ఆ ఇంటి మెట్ల ముందు అడుగుపెట్టరు. పుదియపుర అంటే వాళ్ల మాటలో కొత్తిల్లు. కట్టి నూరేళ్లు దాటింది. ఆ ఊళ్లో దేనికైనా ఒకసారి పేరు పడితే ఇక దాన్ని మార్చే ఓపిక ఎవరికీ లేదు.

మూడేళ్ల కిందట ఆ ఇంటి పారువమ్మ పోయింది. పిల్లలు లేరు, ఇంటికి తాళం పడింది. అప్పటినుంచే మొదలైందట... నడిరాత్రి వేళ, పొయ్యి రాజుకోని ఆ ఖాళీ ఇంట్లోంచి అన్నం ఉడికిన వాసన!

అదీ మామూలు అన్నం కాదు — సువాసన బియ్యం వండి, అప్పుడే గంజి వార్చినట్టు. దాని వెనకే అటక మీద నడక. ధబ్... ధబ్... ఆగుతుంది, ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు. మళ్లీ — ధబ్.

"పారువమ్మ వంట చేసుకుంటోంది," అని తేల్చాడు చాయ్ కొట్టు నాణు. పెంకుల సందులో రెండు కళ్లు మెరవడం కూడా చూశాడట. నాణు చూసినదానికి విలువెంత అంటే — చీకటి పడ్డాక అతను తాగేది తన కొట్టు చాయ్ అని ఊళ్లో ఎవరూ అనుకోరు.

ఇక మగధీరుల సంగతి. పగలంతా గ్రంథాలయం అరుగు మీద కూర్చుని, దేవుడూ లేడు, దెయ్యమూ లేదు, అంతా ఉన్నవాళ్ల నాటకం అని బల్లలు గుద్దే బీడీ కార్మికులు రెండో ఆట చూసి వచ్చేటప్పుడు ఆ ఇంటి దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లు. చెప్పులు విప్పడం దేనికయ్యా అంటే, లేని దెయ్యానికి చప్పుడు వినపడకూడదట.

వీళ్లందర్నీ చూసి నవ్వేవాడు ఒక్కడే — కోరన్. పెంకులు నేసే పని అతనిది. వానలు పడే ముందు ఊళ్లో ప్రతి కప్పూ ఎక్కి, పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దుతాడు. "ఈ ఊళ్లో నేను చూడని అటక లేదు. ఎలకలున్నాయి, పాములున్నాయి, పెళ్లాలకి తెలియకుండా దాచిన సీసాలున్నాయి. దెయ్యం మాత్రం ఒక్కటీ తగల్లేదు. ఉంటే కూలి తగ్గించుకునైనా పనిలో పెట్టుకునేవాణ్ణి," అనేవాడు. పని చక్కగా చేస్తాడు గనక అతని నోటిని ఊరు భరించేది.

ఆ కోరన్ దగ్గరకి ఓరోజు తంకమణి వచ్చింది. మగ్గాల షెడ్డులో నేతపని ఆమెది. తల్లి చచ్చిపోతే రెండేళ్ల పిల్లగా తెచ్చుకుని పారువమ్మ పెంచింది. మొగుడు ముంబై పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఆరేళ్ల కూతురితో షెడ్డు వెనక వసారాలో ఉంటోంది. ఓణం లోపల ఆ వసారా కూడా ఖాళీ చెయ్యమన్నాడు షెడ్డు యజమాని.

"కోరన్నా, పుదియపుర ఓసారి చూసిపెట్టవా?"

"ఎందుకూ? నీకూ అన్నం వాసన కొట్టిందా?"

"దెయ్యమైతే ఫరవాలేదన్నా. నన్ను పెంచిన మనిషి, ఎలాగో మాట్లాడుకుంటా. జంతువైతేనే భయం. పిల్ల నేలమీద పడుకుంటుంది."

కోరన్ ఆమెని తేరిపార చూశాడు. మూడేళ్లుగా ఆ ఇంటి గురించి ఊళ్లో పుట్టిన మాటల్లో బుర్ర ఉన్న మాట ఇదొక్కటే అనిపించింది.

ఆ ఇల్లు తన తర్వాత తంకమణిదేనని పారువమ్మ పదిమంది ముందు చెప్పింది. చెప్పింది గానీ కాగితం రాయలేదు. చెల్లెలి కొడుకు భరతన్, కొబ్బరికాయల వ్యాపారి, ఇల్లు పడగొట్టి పనస దూలాలు అమ్ముకోవాలని చూస్తున్నాడు. దెయ్యం కథకి రోజూ ఇంత నూనె పోసేది కూడా అతనే. పంచాయితీ పెడితే కుటుంబమంతా కలిసి చివరికి ఆనవాయితీ మీదకి నెట్టేసింది.

ఆనవాయితీ ఇదీ. కర్కాటక అమావాస్య రాత్రి పోయినవాళ్లు ఇంటికొస్తారు. లోగదిలో పీట వేసి, ఆకులో కోడికూరా, అడలనే బెల్లం కుడుములూ పెట్టి, ఇత్తడి చెంబు నిండా కల్లు పోసి తలుపు మూస్తారు. మిగతా ఇళ్లలో కాసేపటికే తీసేస్తారు. పుదియపురలో తెల్లారేదాకా తియ్యరు. పొద్దున్నే చెంబు ఖాళీగా ఉంటే పోయినవాళ్లు ఒప్పుకున్నట్టు. నిండుగా ఉంటే — కల్లు పెట్టినవాళ్లకి ఆ ఇంట్లో చోటు లేనట్టు. తాతల నాటినుంచీ చెంబు ఖాళీ అవుతూనే ఉంది. భరతన్ పెట్టిన ఒక్క ఏడు మాత్రం పోసింది పోసినట్టే ఉండిపోయింది. ఆ మంట అతనికి ఇంకా చల్లారలేదు.

ఈసారి కల్లు పెట్టేది తంకమణి. చెంబు ఖాళీ అయితే ఇల్లు ఆమెది, లేకపోతే పిల్లతో సహా వీధిలోకి.

"పెద్దపెద్ద మీసాలేసుకుని కూర్చుని, ఇల్లెవరిదో చెంబుని అడుగుతారా?" అని ముఖమ్మీదే అన్నాడు కోరన్, తాళంచెవి కోసం వెళ్లినప్పుడు. తాళంచెవి చిండన్ దగ్గర ఉంటుంది. పారువమ్మకి అన్న, డెబ్భై ఎనిమిదేళ్లవాడు, కుటుంబానికి పెద్ద.

"ఏం వెతుకుతావురా లోపల?" అన్నాడు చిండన్.

"మీ చెల్లెల్ని, పెద్దాయనా."

"కనిపిస్తే నా చుట్టల డబ్బా ఎక్కడ దాచిందో అడుగు."

పట్టపగలు కోరన్ అటకెక్కాడు. వెతకడం తెలిసినవాడికి ఇల్లు అన్నీ చెబుతుంది. దూలం ఒక పక్క నల్లగా జిడ్డు తేలి ఉంది — రోజూ ఒకే దారిన ఒళ్లు రాసుకుంటూ పోతే పట్టే జిడ్డు. నిట్రాట మీద నిలువునా గోళ్ల గీతలు. మూలన ఎండిన పెంటికలు, పుల్లతో విడదీస్తే నిండా జీలుగు గింజలు. ఒక పెంకు పక్కకి జరిగి జానెడు ఆకాశం కనిపిస్తోంది. సరిగ్గా లోగది నెత్తిన చెక్క పలక ఒకటి మేకుల్లేకుండా వదులుగా ఉంది.

పొయ్యి బూడిద జల్లించి అటకంతా పలచగా చల్లి దిగొచ్చాడు. మర్నాడు చూస్తే బూడిదలో ఐదేసి వేళ్లతో, గోళ్ల మొనలతో అడుగులు — పెంకు దగ్గర మొదలై మూలదాకా. మానుపిల్లి — రాత్రిళ్లు చెట్లెక్కి తిరిగే పునుగుపిల్లి జాతిది!

లోపలున్నదాన్ని మూసేస్తే చచ్చి కంపు కొడుతుంది. బయటికి పోయాకే దారి మూయాలి. అందుకని ఆ రాత్రి పెరట్లో పనసచెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు.

పదకొండయింది... పన్నెండయింది... పురుగుల రొద ఉన్నట్టుండి ఆగింది.

వాసన వచ్చింది. వేడివేడి అన్నం, ఎవరో పక్కనే మూత తీసినట్టు.

ఆ వాసన మానుపిల్లి ఒంటిదని కోరన్‌కి తెలుసు. పాతికేళ్లుగా తెలుసు. అయినా మెడ మీద వెంట్రుకలు లేచాయి. లేచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "థూ, నాణుగాడికీ నీకూ ఏం తేడా రా," అని తిట్టుకున్నాడు. పైన రెండు కళ్లు మెరిశాయి — మెరిసి, కదిలి, వెన్ను పెంకుల మీద ఓ పొడుగాటి తోక సాగింది. ఒక్క దూకు... పోకచెట్టు ఊగింది. అంతే, మూడేళ్ల భూతం జీలుగుపళ్లు వెతుక్కుంటూ పోయింది.

కోరన్ పైకెక్కి పెంకు సర్ది తీగతో బిగించాడు. అటకలో వదులు పలకకి నాలుగు మేకులు దిగ్గొట్టాడు.

తెల్లారేసరికి నాణు కొట్లో ఉన్నాడు, చేతిలో ఆకు పొట్లంతో. బల్ల మీద పెట్టి విప్పాడు — అటక మూలన ఏరిన పెంటికలు.

"ఇదిగో, మీ పారువమ్మ వంట. వేడి తగ్గింది గానీ రుచి చూడండి."

నాణు ముక్కు మూసుకున్నాడు. బీడీ కార్మికులు ఒకరి ముఖాలొకరు చూసుకుని, మేం ఎప్పుడో అనుకున్నాం అన్నారు. వాళ్లు ఎప్పుడూ అన్నీ అయిపోయాకే ఎప్పుడో అనుకుంటారు. కోరన్ బూడిద సంగతి, అడుగుల సంగతి ఒక్కటీ వదలకుండా చెప్పాడు. శాస్త్రమంటే ఇదీ అన్నాడు. మూలబల్ల మీదున్న చిండన్ మాత్రం నవ్వలేదు.

"లోగది మీద ఓ పలక వదులుగా ఉండాలే?" అన్నాడు మెల్లగా.

"ఉంది. అదీ దాని దారే. మూసేశా."

"మూసేశావా?"

"నాలుగు మేకులు."

పెద్దాయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు. అలాగే వెళ్లిపోయాడు.

అప్పుడు గొంతు సవరించుకున్నాడు భరతన్. "మంచి పని చేశావు కోరా. అంటే ఇన్నాళ్లూ మా పెద్దల కల్లు పిల్లి తాగిందా, పెద్దలు తాగారా అన్న అనుమానం ఇక ఉండదు. ఈ అమావాస్యకి లోగది నేలంతా నేనే బూడిద చల్లుతా. తాళం కూడా నాదే వేస్తా. నువ్వన్నట్టే, శాస్త్రం ప్రకారం."

ఇంటికి పోతూ దారిలో కోరన్ పగలబడి నవ్వాడు. మానుపిల్లికి కల్లంటే ప్రాణం, చెట్ల మీది ముంతలు కూడా వదలదు. అంటే తరతరాలుగా ఈ పెద్దమనుషులు లోగదిలో పీట వేసి, దణ్ణాలు పెట్టి మేపింది ఓ పిల్లినన్నమాట! నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేసరికి ఎదురుగా తంకమణి.

"పిల్లి పోయిందటగా అన్నా. నీ పుణ్యం. ఇక నిశ్చింతగా పెడతా."

"చెంబు ఖాళీ అవుతుందనే?"

"నేను పోసింది మా అమ్మ తాగకుండా ఉంటుందా?" అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

కోరన్ తల దించుకుని పక్కనుంచి తప్పుకున్నాడు. ఆ చెంబు ఖాళీ చేసేదాన్ని తరిమేసి, దారికి మేకులు కొట్టింది తనే. ఊరి తెలివితక్కువతనాన్ని ఎండగట్టబోయి ఈ పిల్ల గూడు కూల్చాడు. సిగ్గుతో ఒళ్లు మండింది.

రెండు రాత్రులు పెంకు మళ్లీ తెరిచి, మిగలపండిన అరటిపళ్లు పెట్టి కాపలా కాశాడు. దెయ్యమైతే పిలిస్తే పలికేదేమో గానీ పిల్లి ఎవడు పిలిస్తే వస్తుంది? రాలేదు. అమావాస్య ముందురోజు కుండపోత మొదలైంది, ఇల్లు తడుస్తుందని పెంకు మూసేశాడు. వచ్చినా లాభం లేదులే — బూడిదలో అడుగులు పడితే భరతన్ పండగ చేసుకుంటాడు.

అడుగు పడకూడదు. చెంబు ఖాళీ కావాలి. ఆ పని చెయ్యగలవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. తను.

అమావాస్య సాయంత్రం తంకమణి స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని లోగదిలో అన్నీ అమర్చింది. చెంబు అంచుదాకా కల్లు పోసింది. భరతన్ పీట దగ్గరనుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ గడపదాకా బూడిద చల్లాడు, పెళ్లింట్లో కూడా అంత శ్రద్ధగా పని చేసి ఉండడు. తాళం వేసి తాళంచెవి మొలకి కట్టుకున్నాడు. అందరూ ముందరి వసారాలో చాపలేసుకున్నారు. చలిగా ఉందని చిండన్ ఒక్కడు ఇంటికెళ్లిపోయాడు.

నడిరేయి. వాన హోరు.

ఇంటి వెనకనుంచి కోరన్ కప్పెక్కాడు. నడుముకి నీటిమట్టం గొట్టం చుట్టుకుని ఉన్నాడు — గోడల ఎత్తు సరిచూడ్డానికి నీళ్లు నింపి పట్టే సన్నటి పొడుగాటి గొట్టం. పలక ఊడదీసి, గొట్టం చెంబులోకి జారవిడిచి, పైనుంచే పీల్చెయ్యాలని ఎత్తు. దెయ్యం లేదని పాతికేళ్లు వాదించినవాడు ఇప్పుడు దెయ్యం ఉద్యోగానికి వచ్చాడు! తలుచుకుంటే తనకే రోత పుట్టింది. రెండు పెంకులు తప్పించి లోపలికి దిగాడు.

కటిక చీకటి. దూలం పట్టుకుని పాకాడు. చెయ్యి పలకని వెతికింది... దొరకలేదు. మేకులూ లేవు. పలక ఉండాల్సిన చోట కన్నం... కింద గదిలోంచి చల్లటి గాలి.

ఆ కన్నం అవతల — ఊపిరి.

పిల్లి ఊపిరి కాదు. మనిషిది. బరువుగా, ఆగి ఆగి...

కోరన్ దూలాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"మెల్లగా రా," అంది చీకటి. "ఆ దూలం పుచ్చిపోయింది."

"...పెద్దాయనా?"

"అరవకు. వసారాలో భరతన్‌గాడికి పాము చెవులు."

చిండన్! డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి వంటింటి తలుపు తీసుకుని, నిచ్చెనెక్కి, అటక మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో పొడుగాటి పోకబద్ద, దాని చివర కొబ్బరిచిప్ప గరిట.

"మీరిక్కడేం చేస్తున్నారు?"

"ముప్ఫై ఏళ్లుగా ఏం చేస్తున్నానో అదే. పిల్లి దారంట, పిల్లి దారి! నా దారికి మేకులు కొట్టావు కదరా వెధవా. ఊడదీసేసరికి నడుం పడిపోయింది."

"అంటే... కల్లు?"

"నేనే తాగేవాణ్ణి. నాకు ముందు మా మామ తాగేవాడు. భరతన్‌గాడు పెట్టిన ఏడు నాకు దాహం వెయ్యలేదు."

కోరన్‌కి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఇల్లు తంకమణిదని నలుగుర్లో ఒక్కమాట చెప్పలేకపోయారా?"

"బతికున్నవాడి మాట ఈ ఇంట్లో ఎవడు విన్నాడురా?" అన్నాడు పెద్దాయన.

కోరన్ నడుముకున్న గొట్టం విప్పబోతే అది పెద్దాయన చేతికి తగిలింది.

"సరేలే, పని పూర్తిచేశావుగా. ఎప్పుడొచ్చావు?" అన్నాడు చిండన్.

"ఏం పని?"

"కల్లు తాగలేదూ? ఇందాకటినుంచి గరిట దించుతున్నా, ఖణేల్ ఖణేల్‌మని ఒట్టి ఇత్తడి చప్పుడే. నువ్వే ముందొచ్చి గొట్టంతో లాగేశావనుకున్నా."

"నేనిప్పుడేగా దిగింది! నేను మీరనుకున్నా..."

చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనిపించలేదు. మంచిదే అయింది.

కోరన్ మొలలోంచి బ్యాటరీ లైటు తీశాడు. అరచెయ్యి అడ్డుపెట్టి, వేళ్ల సందులోంచి కన్నంలోకి వెలుగు వదిలాడు.

నేల... బూడిద పిండి ఆరబోసినట్టు ఉంది. మడత లేదు, గీత లేదు, తడి లేదు. చీమ నడిచిన జాడ కూడా లేదు. మధ్యలో పీట. పీట మీద ఆకు. ఆకు పక్కన చెంబు...

చెంబు బోర్లించి ఉంది.

"పారూ..." అన్నాడు చిండన్. "తాగడం అవగానే చెంబు బోర్లించేదిరా. చిన్నప్పటినుంచీ అంతే. ఇంకాస్త పోస్తారని..."

కోరన్ మళ్లీ వెలుగు వేశాడు. కప్పు చూశాడు, గోడలు చూశాడు, కన్నం నుంచి చెంబుదాకా ఎత్తు చూశాడు. పాతికేళ్ల పనిలో నేర్చుకున్నదంతా కళ్లలో పెట్టుకుని చూశాడు. ఏ జంతువూ రాలేదు, ఏ మనిషీ రాలేదు. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా దిగి చెరో దారిన పోయారు.

పొద్దున్నే తలుపు తీశారు. తంకమణి గడప బయటే నిలబడి చేతులు జోడించింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని తొంగిచూస్తోంది. భరతన్ మోకాళ్ల మీద పడి బూడిదని జానెడు జానెడు వెతికాడు. చెంబు ఎత్తి చూశాడు, ఆకు ఎత్తి చూశాడు. లేచేసరికి ముఖం బూడిదకంటే తెల్లగా ఉంది. అయినా ఊరుకుంటాడా?

"ఇందులో ఏదో మాయ ఉంది. కోరన్ని పిలవండి!"

పిలవనక్కర్లేదు, కోరన్ గుంపు వెనకే ఉన్నాడు. జనం పక్కకి తప్పుకున్నారు. నాణు ఉన్నాడు, బీడీ కార్మికులున్నారు, చిండన్ ఉన్నాడు.

"నువ్వే చెప్పు కోరా. శాస్త్రం తెలిసినవాడివి. ఇది పిల్లి పనే కదా?"

ఇల్లంతా అతని నోటివైపు చూసింది. పిల్లి పనంటే చాలు, అతని పరువు అతనికుంటుంది. తంకమణి కూతురి చెయ్యి పట్టుకుని షెడ్డు వసారాకి తిరిగిపోతుంది. అదీ ఓణం దాకానే.

"పిల్లి కాదు," అన్నాడు కోరన్.

"మరెవరు?"

నాణు పళ్లు అప్పుడే బయటపడుతున్నాయి. ఆ కొట్లో చచ్చేదాకా తన్ని చాయ్ తాగనివ్వరని కోరన్‌కి తెలుసు.

"పారువమ్మ," అన్నాడు.

తంకమణికి ఇల్లిప్పించడానికి కోరన్ ఆ రోజు అబద్ధమాడాడని ఊళ్లో తెలివైనవాళ్లు ఇప్పటికీ అంటారు. అవునో కాదో తనకి తెలియదని, నిద్రపట్టని రాత్రుళ్లు అదే ఆలోచిస్తాననీ కోరన్ అంటాడట.